బెర్లిన్‌లో బచ్చలికూర

నేను చదువు కోసం బెర్లిన్ చేరింది 2003 అక్టోబరులో, శీతాకాలపు సెమిస్టరు మొదలవుతున్న రోజుల్లో. నగరానికి ఉత్తరాన వెడ్డింగ్ అనే పేటలో, విద్యార్థుల వసతిగృహంలో ఒక గది దొరికింది. అంతస్తులో ఉన్నవాళ్ళందరికీ కలిపి ఒకే వంటగది, అందులో విద్యుత్తు పొయ్యిలు, ఒక్కొక్కరికి తాళం వేసుకునే అల్మారాలో ఒక అర ఉండేవి. నా అరలో అమ్మ కట్టి పంపిన మామిడికాయ తొక్కు, కారం, పసుపు, కందిపప్పు, కొంచెం చింతపండు చేరాయి. ఇంటి నుంచి తెచ్చుకోలేనిది ఆకుకూర ఒక్కటే. కరీంనగర్ జిల్లాలోని మా ఊళ్ళో పప్పు అంటే ఏదో ఒక ఆకు వేసి వండిన పప్పే. పాలకూర, తోటకూర, పుంటికూర (గోంగూర), గంగవాయిలి, బచ్చలి, సోయికూర, ఇలా కాలాన్ని బట్టి, పెరటిని బట్టి, అంగడిలో ఆ వారం వచ్చినదాన్ని బట్టి ఆకు మారుతూ ఉండేది. వట్టి పప్పు వండారంటే ఆ రోజు ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. అందుకే బెర్లిన్‌లో గడిపిన ఆ సంవత్సరాలను తలుచుకున్నప్పుడు నాకు తరగతి గదులకంటే ముందు గుర్తుకు వచ్చేవి ఆకుల కోసం తిరిగిన దుకాణాలు, అంగళ్ళు, ఆ ఆకులను నా చేతిలో పెట్టిన మనుషులు.

వసతిగృహానికి దగ్గరలో ఉన్న పెద్ద దుకాణం ఆల్డీ. ఎసెన్ నగరంలో తల్లి నడిపిన చిన్న కిరాణా కొట్టును అందుకుని కార్ల్, థియో ఆల్బ్రెక్ట్ అనే అన్నదమ్ములు పెంచిన వ్యాపారం అది. 1960ల మొదట్లో వాళ్ళు దేశాన్ని ఉత్తరం, దక్షిణం అని పంచుకున్నారు, బెర్లిన్ ఉత్తర భాగానికి వచ్చింది. సరుకులను అలంకరించి పెట్టే పని అక్కడ లేదు. అట్టపెట్టెను పైన కోసి అలాగే అరలో పెట్టేవారు, కావలసింది మనం తీసుకోవాలి. తోపుడుబండి విడిపించుకోవడానికి ఒక యూరో నాణెం దూర్చాలి, బండిని తిరిగి గొలుసుకు తగిలిస్తే నాణెం బయటికి వస్తుంది. ఆ రోజుల్లో యూరో 50 రూపాయల పైచిలుకు ఉండేది కాబట్టి ఆ నాణేన్ని నేను చాలా శ్రద్ధగా వెనక్కి తీసుకునేవాణ్ణి.

ఆ దుకాణంలో మొదటిరోజే నన్ను ఆదుకున్నది గోధుమరవ్వ. జర్మనీలో ప్రతి దుకాణంలోనూ సన్న రవ్వ దొరుకుతుంది, దానిని పాలలో ఉడికించి, చక్కెర, దాల్చినచెక్క పొడి చల్లి పిల్లలకు పెడతారు. నేను ఉల్లిగడ్డ, పచ్చిమిరపకు బదులు ఎండుకారం వేసి ఉప్మా చేసుకున్నాను. బియ్యం దగ్గర మాత్రం చాలాసేపు నిలబడ్డాను, ఎందుకంటే అక్కడి బియ్యం చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ సంచులలో, సంచికి 125 గ్రాముల చొప్పున, సంచితో సహా నీళ్ళలో వేసి ఉడికించేలా వస్తుంది. అది ఉప్పుడు బియ్యం, మెతుకు మెతుకుకు అంటదు, పప్పుతో కలిపితే కలవదు. పక్కనే పాలలో ఉడికించే పాయసం కోసం అమ్మే పొట్టి గింజల బియ్యం ఉంది. అది మెత్తగా, జిగురుగా ఉడుకుతుంది, పెరుగన్నానికి దానిని మించినది లేదని కొద్ది రోజుల్లోనే తెలిసింది. సుగంధ దినుసుల అరలో కనిపించే కుమ్మెల్ అనే గింజ చూడటానికి అచ్చం జీలకర్రే, వాసన మాత్రం వేరు. దానిని వాళ్ళు క్యాబేజీలోనూ రొట్టెలోనూ వేస్తారు.

ఆకుకూర అన్నది ఆ దుకాణంలో ఒకే ఒక రూపంలో ఉండేది, శీతలపెట్టెలో గడ్డకట్టిన పాలకూర. దానిని మెత్తగా రుబ్బి, మీగడ కలిపి, చిన్న బిళ్ళలుగా గడ్డకట్టించి డబ్బాలో అమ్మేవారు. జర్మన్ పిల్లలు దానిని ఉడికించిన ఆలుగడ్డతో, గుడ్డుతో ఇష్టంగా తింటారు. పప్పులో వేస్తే మీగడ వాసన పప్పును మింగేసింది.

దుకాణాల వేళలు నేర్చుకోవడం ఆ దేశంలో వంట నేర్చుకోవడంకంటే ముందు జరగాలి. 1956 నాటి దుకాణాల మూసివేత చట్టం అప్పటికీ అమలులో ఉంది. ఏళ్ళ తరబడి వారపు రోజుల్లో సాయంత్రం ఆరున్నరకే, శనివారం మధ్యాహ్నం రెండు గంటలకే తలుపులు మూసిన ఆ దేశంలో, నేను వెళ్ళిన ఏడాది జూన్ నుంచే శనివారం కూడా రాత్రి 8 దాకా తెరవడానికి అనుమతి వచ్చింది. ఆదివారం మాత్రం పూర్తిగా సెలవు. ఆదివారాన్ని విశ్రాంతి దినంగా కాపాడాలన్న మాట 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో ఉండి, అక్కడి నుంచి ఇప్పటి రాజ్యాంగంలోకి యథాతథంగా వచ్చింది. అందుకే శనివారం సాయంత్రం దుకాణాలలో బారులు తీరేవారు, ఆదివారం ఉల్లిగడ్డ అయిపోతే రైల్వేస్టేషనులో ప్రయాణికుల కోసం తెరిచి ఉంచే దుకాణానికి వెళ్ళి ఎక్కువ ధర పెట్టి కొనుక్కోవాలి. వారంలో ఒకరోజు ఊరంతా కొనడం, అమ్మడం మానేసి నడకకు వెళ్ళడం నాకు కాలక్రమంలో ఎంతో నచ్చింది, ఇప్పటికీ అది మంచి ఏర్పాటనే అంటాను. 2006 నవంబరులో బెర్లిన్ నగరం సోమవారం నుంచి శనివారం దాకా వేళల ఆంక్షలు దాదాపుగా ఎత్తివేసింది గాని ఆదివారం జోలికి పెద్దగా పోలేదు.

ఖాళీ సీసాల సంగతీ ఆ రోజుల్లో కొత్తే. ఒకసారి వాడి పారేసే సీసాలకూ డబ్బాలకూ 25 సెంట్ల ధరావతు 2003 జనవరి 1 నుంచి మొదలైంది. మళ్ళీ మళ్ళీ నింపే గాజు బీరు సీసాకు 8 సెంట్లు, మిగతావాటికి సాధారణంగా 15 సెంట్లు అంతకుముందు నుంచే ఉండేవి. మొదట్లో ఏ దుకాణంలో కొన్నది ఆ దుకాణం వాళ్ళే తీసుకునేవారు, 2006 మే నుంచి అది సరళమైంది. మా అంతస్తు వాళ్ళందరి సీసాలూ పోగేసి ఇచ్చి వచ్చిన డబ్బుతో వంటగదికి ఉప్పు, నూనె కొనేవాళ్ళం.

నేను వెళ్ళిన నెల చివరలోనే రంజాన్ మాసం మొదలైంది. వెడ్డింగ్‌లో టర్కీ వాళ్ళు చాలా ఎక్కువ. సూర్యాస్తమయానికి ముందు మా వీధి చివరి బేకరీ ఎదుట పెద్దలు, పిల్లలు బారులు తీరి, పైన నువ్వులు, నల్లజీలకర్ర చల్లిన గుండ్రటి, వెడల్పాటి రొట్టెలను వేడి వేడిగా కాగితంలో చుట్టించుకుని ఇళ్ళకు పరుగున వెళ్ళేవారు. ఆ వాసన పట్టుకుని నేను కూడా ఒక సాయంత్రం బారులో నిలబడ్డాను. రొట్టె తీసుకుని బయటికి వస్తుంటే పక్కన ఒక కూరగాయల దుకాణం కనిపించింది. కాలిబాట మీదికి పరిచిన చెక్కపెట్టెలలో చేతివేలంత సన్నటి పచ్చిమిరపకాయలు, చిన్న వంకాయలు, దానిమ్మలు, నిమ్మకాయలు, కట్టలు కట్టలుగా పుదీనా, చివరి పెట్టెలో గులాబీరంగు వేళ్ళతో సహా పెరికి తెచ్చిన పాలకూర ఉన్నాయి. ఆకుల మీద ఇంకా మట్టి ఉంది. బెర్లిన్‌లో నేను చూసిన మొదటి అసలైన ఆకుకూర అదే.

దుకాణం నడిపే పెద్దాయనకు యాభై ఏళ్ళు దాటి ఉంటాయి. నా జర్మన్ అప్పటికి లెక్కలు చెప్పడానికి, దండం పెట్టడానికి మాత్రమే సరిపోయేది. నేను కొత్తిమీర అనుకుని ఒక కట్ట అందుకోబోతే ఆయన తల అడ్డంగా ఊపి, ఆ కట్టలో ఒక ఆకు, పక్క కట్టలో ఒక ఆకు తుంచి రెండూ నా ముక్కు దగ్గర పెట్టారు. మొదటిది పార్స్లీ, రెండవది కొత్తిమీర. "భారత్ నుంచా?" అని అడిగి, "అయితే ఇది కావాలి నీకు" అని ఎర్ర మసూరిపప్పు సంచి చూపించారు. ఆ దుకాణంలో మసూరిపప్పు, సెనగలు, గోధుమనూక, అసలైన జీలకర్ర, ఎండుమిరప గింజలు, బక్కెట్లలో గడ్డపెరుగు, అన్నీ ఉన్నాయి. ఆ రాత్రి వేళ్ళు కోసి, నాలుగు నీళ్ళలో మట్టి కడిగి, మసూరిపప్పులో పాలకూర వేసి వండుకున్నాను.

ఆ పెద్దాయన తండ్రి ఏఈజీ అనే విద్యుత్ పరికరాల సంస్థ కర్మాగారంలో పని చేయడానికి వచ్చాడట. దాని వెనుక కథ నాకు తరువాత తెలిసింది. 1961 ఆగస్టు 13న తూర్పు, పశ్చిమ బెర్లిన్‌ల మధ్య గోడ లేచినప్పుడు, తూర్పు బెర్లిన్ నుంచి రోజూ పశ్చిమానికి పనికి వచ్చే వేలాదిమంది ఒక్కసారిగా ఆగిపోయారు. అదే ఏడాది అక్టోబరు 30న పశ్చిమ జర్మనీ టర్కీతో కార్మికుల కోసం ఒప్పందం చేసుకుంది. 1973లో ఆ పిలుపు ఆగేలోపు వచ్చినవాళ్ళు కర్మాగారాలకు దగ్గరగా ఉన్న వెడ్డింగ్‌లోనూ, గోడ పక్కన అద్దెలు తక్కువగా ఉన్న క్రాయిత్స్‌బెర్గ్‌లోనూ స్థిరపడ్డారు. కొన్నాళ్ళు ఉండి వెళ్ళిపోతారనుకున్న ఆ మనుషులు తమకు కావలసిన వంకాయను, పుదీనాను, పప్పును, పెరుగును ఒక్కొక్కటిగా ఆ ఊరికి రప్పించారు. నాకు మొదటి నెలలోనే పాలకూర పప్పు దొరికిందంటే నాకంటే నలభై ఏళ్ళు ముందు వచ్చినవాళ్ళు పడిన పాటు వల్లనే, ఈ విషయం నేను ఎన్నటికీ మరచిపోను.

వీధిలో ఉన్న కాల్ షాపు నుంచి ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ మొదట అడిగేది ఒకే మాట.

"ఏం వండుకున్నవ్ బిడ్డా?"

"పాలకూర పప్పమ్మా."

"ఆడ పాలకూర ఉంటదా? కట్ట పెద్దగున్నదా?"

కట్ట సైజు, వేళ్ళ రంగు, ఎన్ని నీళ్ళు కడిగానన్నది అన్నీ చెప్పిన తరువాతే నా చదువు గురించి అడిగేది.

చలికాలం వచ్చాక ఆకులు తగ్గాయి, నేను ఆ దేశపు సొంత తిండి వైపు తిరిగాను. రొట్టె అంటే అప్పటిదాకా నాకు తెల్లటి, మెత్తటి పాలరొట్టె. బెర్లిన్ చుట్టూ ఉన్న బ్రాండెన్‌బుర్గ్ ప్రాంతపు ఇసుకనేలలో రై అనే ధాన్యం బాగా పండుతుంది, దాని పిండిని పులియబెట్టి కాల్చిన రొట్టె ముదురురంగులో, గట్టిగా, పుల్లగా, వారంరోజులైనా పాడవకుండా ఉంటుంది. ఆ పులుపు నాకు మొదటి ముద్దలోనే పట్టేసింది. పలుచని ముక్క మీద వెన్న రాసి, దాని మీద మామిడికాయ తొక్కు పెట్టుకుంటే దానికి తిరుగులేదు. జర్మన్ రొట్టెల సంప్రదాయాన్ని 2014లో ఆ దేశం తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చిందని చదివినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది. బేకరీలలో నీలపు గసగసాలను పాలలో ఉడికించి, మందంగా నింపి చేసే కేకు కూడా ఆ చలికాలంలోనే రుచి చూశాను. గసగసాలను కూరలో చెంచాడు వేసే మాకు, ముక్కలో సగం గసగసాలే ఉండటం పండగే.

ఆలుగడ్డల సంచుల మీద అవి ఉడికితే గట్టిగా ఉండే రకమా, పిండిగా విడిపోయే రకమా అన్నది రాసి ఉంటుంది. మొదటిది వేపుడుకు, రెండవది ముద్దకూరకు. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ 1756లో రైతుల చేత ఆలుగడ్డ వేయించాలని తన అధికారులకు ఆజ్ఞ ఇచ్చాడు. పొరుగునే ఉన్న పోట్స్‌డామ్‌లో, సాన్సూసీ భవనం తోటలో ఉన్న ఆయన సమాధి మీద ఇప్పటికీ జనం పూలతోపాటు ఆలుగడ్డలు పెట్టి వెళతారు. నేను వెళ్ళిన రోజున సమాధిరాయి మీద చిన్నా పెద్దా ఆలుగడ్డలు వరుసగా ఉన్నాయి. తిండి పెట్టినవాణ్ణి అంతకాలం గుర్తుంచుకున్న మనుషుల పట్ల నాకు గౌరవం కలిగింది.

పిండి సంగతి కూడా చెప్పాలి. గోధుమపిండి పొట్లాల మీద 405, 550, 1050 అని అంకెలు ఉంటాయి. 100 గ్రాముల పిండిని కాల్చితే ఎన్ని మిల్లీగ్రాముల బూడిద మిగులుతుందో ఆ అంకె చెబుతుంది, అంకె పెరిగినకొద్దీ పొట్టు ఎక్కువ. చపాతీకి 1050లో కొంచెం ముడిపిండి కలిపితే చక్కగా వస్తుంది. మజ్జిగ ప్రతి దుకాణంలోనూ గ్లాసులో పోసుకుని తాగేందుకు సిద్ధంగా దొరుకుతుంది. పెరుగు మాత్రం వాళ్ళది తియ్యగా ఉంటుంది కాబట్టి నేను రాత్రిపూట గిన్నెకు తువ్వాలు చుట్టి, గది వెచ్చబెట్టే యంత్రం పక్కన పెట్టి తోడుపెట్టుకునేవాణ్ణి, తెల్లవారేసరికి మన పెరుగు తయారయ్యేది.

అమ్మ పంపిన చింతపండు అయిపోయిన తరువాత షార్లోటెన్‌బుర్గ్‌లోని కాంట్ వీధికి వెళ్ళడం మొదలైంది. అక్కడి ఆసియా దుకాణాలలో థాయ్‌లాండ్ నుంచి వచ్చిన చింతపండు ఇటుకలుగా కట్టి అమ్మేవారు. ఆ వీధి ఒక మలుపులోనే, కాయ్‌జర్ ఫ్రీడ్రిష్ వీధి కలిసే చోట, హెర్టా హోయ్‌వర్ అనే ఆవిడ పేరుతో ఒక ఫలకం ఉంది. 1949 సెప్టెంబరు 4న ఆవిడ తన బడ్డీలో టమాటా సాసులో కర్రీ పొడి కలిపి, వేయించిన సాసేజ్ ముక్కల మీద పోసి ఇచ్చిందని, కర్రీవుర్స్ట్ అలా పుట్టిందని దాని మీద రాశారు. యుద్ధంలో కూలిన ఊళ్ళో, దొరికిన నాలుగు దినుసులతో ఒక ఆడమనిషి చేసిన ఆ వంటకాన్ని ఊరంతా ఇప్పటికీ తింటోంది.

వసంతం రాగానే మళ్ళీ ఆకుల మీదికి మనసు పోయింది. నాకు బాగా కావలసింది పుంటికూర. మా అంతస్తులో పోలండ్ అమ్మాయి ఒకరు ఉండేది. బెర్లిన్ నుంచి పోలండ్ సరిహద్దు గంటన్నర ప్రయాణం కూడా ఉండదు, సెలవులకు ఇంటికి వెళ్ళి వచ్చినప్పుడల్లా గాజుసీసాలు మోసుకొచ్చేది. ఒక ఆదివారం ఆమె ఒక సీసాలోని ముదురాకుపచ్చటి ఆకు ముద్దతో పులుసు కాచి, ఉడికించిన గుడ్డు ముక్కలు వేసి నాకు ఒక గిన్నె ఇచ్చింది. నోట్లో పెట్టగానే చెంచా ఆగిపోయింది. పుంటికూర పులుపే అది. చుక్కకూరకు దగ్గర జాతి ఆకు, పోలండ్‌లో పొలాల గట్ల మీద పెరుగుతుందట, చలికాలానికి ఉప్పు వేసి సీసాలలో నిలవ చేస్తారట. నేను మరుసటి వారం ఆమె దగ్గర ఒక సీసా అడిగి తీసుకుని, కందిపప్పులో వేసి, వెల్లుల్లి, ఎండుమిరప పోపు పెట్టాను. ఇద్దరం కలిసి తిన్నాం. గుడ్డు వేసి ఉంటే ఇంకా బాగుండేదని ఆమె, అన్నంతో తింటే పులుసు ఇంకా బాగుండేదని నేను, చాలాసేపు వాదించుకున్నాం.

ఏప్రిల్‌లో రూబార్బ్ కాడలు వచ్చేవి. ఎర్రటి, పొడవాటి కాడలను వాళ్ళు చక్కెరతో ఉడికించి కేకుల్లో వేస్తారు, ఆకులు విషం కాబట్టి కోసి పారేస్తారు. ఆ కాడలతో చేసిన పప్పు, పచ్చడి పుంటికూరకు బాగా దగ్గరగా వస్తాయని అక్కడున్న తెలుగు విద్యార్థుల మధ్య అప్పటికే ప్రచారంలో ఉంది, అది నిజమే. అదే నెలల్లో ఊరంతా తెల్ల ఆస్పరాగస్ మీద పడుతుంది. బెర్లిన్‌కు నైరుతి దిశలో ఉన్న బేలిట్స్ ఊళ్ళో 1861 నుంచి దానిని పండిస్తున్నారు. మట్టి కుప్పల కింద ఎండ తగలకుండా పెంచి, తెల్లవారుజామున ఒక్కొక్క మొలకనూ చేత్తో తవ్వి తీస్తారు. జూన్ 24, సెయింట్ జాన్ పండుగ రోజున కోత ఆపేస్తారు, మరుసటి ఏటికి మొక్క బలం పుంజుకోవాలి కదా. మనకు మామిడిపండ్ల కాలం ఎలాగో వాళ్ళకు ఆ రెండు నెలలు అలాగ. వీధి మూలల్లో బడ్డీలు వెలుస్తాయి, పలకరించుకునేవాళ్ళ మాటల్లో అదే ఉంటుంది.

2004 వేసవిలో నేను మొదటిసారి మేబాహ్ ఊఫర్ అంగడికి వెళ్ళాను. వెడ్డింగ్ నుంచి యూ8 మెట్రో ఎక్కి, ఊరి కింద నుంచి దక్షిణానికి వెళ్ళి, షోన్‌లైన్ వీధి దగ్గర దిగితే నాలుగు అడుగుల్లో లాండ్‌వేర్ కాలువ వస్తుంది. పంతొమ్మిదో శతాబ్దం నడుమ తవ్విన ఆ కాలువ గట్టు వెంట ప్రతి మంగళవారం, శుక్రవారం టర్కీవాళ్ళ అంగడి జరుగుతుంది. గుడారాల కింద బట్టలు, ఆలివ్‌లు, జున్ను, చేపలు, కూరగాయలు ఉంటాయి, అమ్మేవాళ్ళ కేకలు కాలువ అవతలి గట్టుకు వినిపిస్తాయి. సాయంత్రం ఆరు దాటాక, ఆరున్నరకు మూసేలోపు, పెట్టె మొత్తం ఒక యూరో అని అరుస్తూ మిగిలినదంతా ఇచ్చేస్తారు. విద్యార్థులందరూ ఆ వేళకే వచ్చేవాళ్ళం. మా ఊరి అంగడిలో పొద్దుగూకే వేళ జరిగే బేరాలు చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి కాబట్టి అక్కడ నాకు జర్మనీలో ఉన్నట్టే అనిపించలేదు.

అలాంటి ఒక శుక్రవారం, ఒక పెట్టె అడుగున, ఎర్రటి కాడలతో, చిన్నచిన్న దళసరి ఆకులతో కొన్ని కట్టలు కనిపించాయి. వంగి ఒక కాడ విరిచి చూశాను. గంగవాయిలి. మా ఊళ్ళో మొక్కజొన్న చేనులో కలుపు తీసేటప్పుడు ఏరి, కొంగులో వేసుకుని తెచ్చి పప్పులో వండే కూర అది. దానికి ధర ఉంటుందని కూడా నాకు తెలియదు. పక్కన నిలబడి ఉన్న తలకు రుమాలు కట్టుకున్న ముసలావిడ నా చేతిలోని కాడను చూసి, పెరుగు, వెల్లుల్లి వేసి పచ్చిగానే తినాలని చేతులతో చూపించింది. నేను పొయ్యి మీద ఉడికిస్తానని చూపించాను. ఆవిడ ఆలోచించి, అదీ చేస్తామన్నట్టు తల ఊపి, అన్నింటికంటే లేతగా ఉన్న కట్టలు ఏరి నా సంచిలో వేసింది. ఆ వారం మధ్యాహ్నం పచ్చిగా ఆవిడ చెప్పినట్టు, రాత్రి పప్పులో అమ్మ చెప్పినట్టు తిన్నాను. రెండూ బాగున్నాయి. ఎండాకాలంలో ఆ పెరుగు పచ్చడిని నేను ఇప్పటికీ చేసుకుంటాను.

తోటకూర, బచ్చలి మాత్రం తూర్పు బెర్లిన్‌లో దొరికాయి. గోడ ఉన్న కాలంలో తూర్పు జర్మనీ కూడా తనకు కావలసిన కార్మికులను రప్పించుకుంది. 1980లో వియత్నాంతో ఒప్పందం కుదిరింది, 1989 నాటికి దాదాపు 60 వేలమంది వియత్నాం వాళ్ళు అక్కడి కర్మాగారాలలో పనిచేసేవారు. దేశం కలిసిపోయి కర్మాగారాలు మూతపడగానే ఆ పనులు పోయాయి. వెనక్కి వెళ్ళనివాళ్ళు పూలు, కూరగాయలు, బట్టలు అమ్ముకుంటూ నిలదొక్కుకున్నారు. లిష్టెన్‌బెర్గ్ పేటలో, విద్యుత్ పరికరాలకు కావలసిన కర్బన భాగాలు తయారుచేసిన పాత ప్రభుత్వ కర్మాగారం స్థలంలో, 2005లో డాంగ్ షువాన్ సెంటర్ అనే పెద్ద టోకు బజారు తెరుచుకుంది. ఎం8 ట్రాము హెర్త్స్‌బెర్గ్ వీధిలో దాని గేటు ముందే ఆగుతుంది. పొడవాటి షెడ్లలో ఒకవైపు బట్టలు, గోళ్ళరంగులు, ప్లాస్టిక్ పూలు, మరోవైపు బియ్యం బస్తాలు, చేపలు, నేల మీద పరిచిన ఆకుల కట్టలు ఉంటాయి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు తోటకూర, తూటికూర, పచ్చిగా లెమన్‌గ్రాస్, కాకరకాయ వరుసగా చూసి, ఏది కొనాలో తెలియక బజారంతా రెండుసార్లు తిరిగాను. తూటికూర మా చెరువుగట్టు కూర. వాళ్ళు దానిని వెల్లుల్లితో పెద్దమంట మీద నిమిషంలో వేయిస్తారు, కాడ కరకరలాడుతూ ఉంటుంది. మేము మెత్తబడేదాకా ఉడికిస్తాం. వాళ్ళ పద్ధతే మేలని నా అభిప్రాయం.

బచ్చలి దొరికింది 2006 జులైలో. ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు ముగిసిన నెల అది, జర్మనీలో అంతకుముందు నమోదైన జులై నెలలన్నింటికంటే వేడిగా గడిచింది. షెడ్డు బయట నీడలో ఒక పెద్దావిడ చిన్న పీట వేసుకుని, ముందు తడిగుడ్డ మీద ఆకులు పెట్టుకుని కూర్చుంది. దళసరి, నిగనిగలాడే ఆకులు, మెలి తిరిగిన లేత తీగ కొనలు. చూడగానే బచ్చలి అని తెలిసిపోయింది. ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, తనే పండించానని చెప్పింది. జర్మన్ నగరాల అంచుల్లో కుటుంబాలు కౌలుకు తీసుకునే చిన్న చిన్న తోటలు ఉంటాయి. ఆ తోటలో కనీసం మూడోవంతు స్థలం కూరగాయలకు, పండ్లకు కేటాయించాలన్నది నియమం. పక్క తోటల వాళ్ళు ఉల్లి, బీన్స్, స్ట్రాబెర్రీ వేసుకుంటే ఈవిడ కర్రలు పాతి, తాళ్ళు కట్టి బచ్చలి పాకించింది. మామూలు ఏడాదిలో ఆగస్టు దాకా తీగ సాగదట, ఆ ఏడు ఎండకు జూన్ చివరికే పందిరి నిండిందట. ఆ వేడికి ఊరంతా నీళ్ళ కోసం, నీడ కోసం పరుగెడుతుంటే ఆవిడ ముఖంలో మాత్రం రైతు సంతోషం కనిపించింది. తాము రొయ్యలు వేసి పలుచగా పులుసు కాస్తామని చెప్పి, ముదురు కాడలు ఎక్కడ విరవాలో, ఏది వదిలేయాలో చూపించింది. నాకు తెలిసినదే అయినా అంతా విన్నాను.

ఆ సాయంత్రం కాల్ షాపుకు పోయి బచ్చలి దొరికిందని చెప్పగానే అమ్మ కాసేపు నమ్మలేదు.

"ఎర్రబచ్చలా, తెల్లబచ్చలా?"

"తెల్లదే అమ్మా. ఆకు అరచేయంత ఉంది."

"అయితే చింతపండు తక్కువెయ్యి బిడ్డా, జిగురు పోవుడుకు ఉల్లిగడ్డ ముందుగాల ఎయించు. ఆ అమ్మనడిగి రెండు గింజలు తెచ్చి కుండీల పెట్టు."

గింజలు సెప్టెంబరుకు గాని నల్లబడవని ఆవిడ చెప్పింది. సెప్టెంబరులో వెళ్ళి తెచ్చుకున్నాను.